బాప్తిస్మం తర్వాతే కష్టాలు పెరిగాయి, అయితే నా బాప్తిస్మం చెల్లలేదా?

తల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఏడాదిన్నర కిందట సోంపేట వైపు మూడు రోజుల ఉజ్జీవ కూటాలు జరిగితే ఆఖరి రోజున బాప్తిస్మం తీసుకున్నావు. ఆరు నెలలు తిరక్కుండా నాన్నగారికి కిడ్నీలు పాడై, క్రియాటినిన్ పెరిగిపోయి డయాలసిస్ మొదలైంది, కుదిరిందనుకున్న సంబంధం వాళ్ళు 'మతం మారిన పిల్ల మాకొద్దు' అని తప్పుకున్నారు, అప్పులు పెరిగాయి, నీ కోపం మాత్రం ఉన్నచోటే ఉంది. మొన్న రాత్రి నాన్నగారు మళ్ళీ మంచినీళ్ళు అడిగితే స్టీలు గ్లాసు గోడకేసి కొట్టావు. ఇదంతా విని వేరే పాస్టరుగారొకరు 'నీ బాప్తిస్మం సరిగ్గా జరగలేదు కాబట్టే ఇలా అవుతోంది, మా దగ్గర మళ్ళీ తీసుకో' అంటున్నారు. నేను అసలు మారానా, మళ్ళీ మునగాలా అని అడిగావు.

ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత మిగతాది. మళ్ళీ మునగక్కర్లేదు. నీకొచ్చిన కష్టాలకీ నీకు బాప్తిస్మం ఇచ్చిన తీరుకీ ఏ సంబంధం లేదు. మారావా అన్నదానికి మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు, దానికి కాస్త ఓపిగ్గా చదవాలి.

నేను పాస్టరుని కాను. విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో వీవింగులో పనిచేసినవాణ్ణి, ఇప్పుడు అరవై మూడేళ్ళు, ఇరవై రెండేళ్ళుగా మా సంఘంలో బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్ళకి శనివారం తరగతులు చెబుతున్నాను. నీలాంటి ప్రశ్నతో తిరిగి వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను, నేను కూడా అదే ప్రశ్నతో చాలా ఏళ్ళు నలిగాను.

మళ్ళీ బాప్తిస్మం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే నిన్ను ఎక్కువ టెన్షన్ పెడుతున్నది అదే. నువ్వు ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, యేసు ప్రభువని నీ నోటితో ఒప్పుకుని నీళ్ళలోకి దిగావు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ముంచారని నువ్వే రాశావు. మత్తయి 28లో ప్రభువు చెప్పింది అదే కదా. యేసు నామంలో మాత్రమే అనాలని కొందరు, పారే నీళ్ళే కావాలి తొట్టిలో ఇస్తే చెల్లదని కొందరు, మా సంఘంలో తీసుకుంటేనే లెక్క అని కొందరు అంటూనే ఉంటారు, అవన్నీ వింటూ కూర్చుంటే ఏడాదికోసారి మునగాలి. కొత్త నిబంధనలో ఒకసారి బాప్తిస్మం పొందినవాళ్ళకి మళ్ళీ ఇచ్చిన సంగతి ఒక్కచోటే కనిపిస్తుంది, అపొస్తలుల కార్యములు 19లో, ఎఫెసులో ఇంచుమించు పన్నెండు మందికి. వాళ్ళు పొందింది యోహాను ఇచ్చిన బాప్తిస్మం, పరిశుద్ధాత్మ ఉన్నాడన్న సంగతే వాళ్ళు వినలేదు. అది వేరు. కష్టాలొచ్చాయనో, కోపం తగ్గలేదనో, తప్పు చేశారనో ఎవర్నీ మళ్ళీ ముంచిన చోటు ఎక్కడా లేదు. పేతురు సంగతి చూడు, ఒట్టు పెట్టుకుని మరీ మూడుసార్లు ఆయన్ని ఎరగనన్నాడు. ప్రభువు ఆయన్ని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళలేదు, నిప్పుల మీద చేపలు కాల్చి పెట్టి, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, గొర్రెల్ని అప్పగించాడు. ఎఫెసీ పత్రికలో ప్రభువు ఒక్కడే, విశ్వాసమొక్కటే, బాప్తిస్మమొక్కటే అని ఉంది, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో కూడిన సభ విశ్వాస ప్రమాణంలోనూ ఒకే బాప్తిస్మం అనే రాశారు. పసిబిడ్డప్పుడు చర్చిలో నీళ్ళు పోయించుకుని పెద్దయ్యాక నమ్మినవాళ్ళ విషయంలో మా బాప్టిస్టులం ఒకలా, లూథరన్లూ కతోలికులూ ఒకలా చూస్తాం, కానీ నీది ఆ కేసు కాదు.

అయితే ఒక లోపం జరిగింది, అది చెప్పకపోతే నీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. నిన్ను సిద్ధం చెయ్యలేదు. మూడు రోజుల కూటాల్లో మొదటి రోజు పాటలు, రెండో రోజు స్వస్థత ప్రార్థన, మూడో రోజు బాప్తిస్మం అయితే నీకు చెప్పిందేమిటి? 'ప్రభువు నీ కష్టాలన్నీ తీసేస్తాడు' అని చెప్పుంటారు. మూడో శతాబ్దపు నాటి రోమా సంఘపు ఆచారాలుగా మనకి దొరికిన పాత రాతల్లో బాప్తిస్మానికి ముందు మూడేళ్ళు నేర్చుకోవాలని ఉంది, ఆ నేర్చుకునేవాళ్ళు విధవరాళ్ళని ఆదరించారా, రోగుల్ని చూడ్డానికి వెళ్ళారా అని కూడా విచారించేవారట. నేను మూడేళ్ళు చెప్పను, ఆరు నెలలు చెబుతాను, దానికే కొంతమంది విసుక్కుంటారు. నీకు ఆ ఆరు నెలలు దొరకలేదు. దానికి మందు మళ్ళీ మునగడం కాదు, ఆ నేర్చుకోవాల్సింది ఇప్పుడు నేర్చుకోవడమే.

ఇక కష్టాల సంగతి. మత్తయి సువార్త మూడో అధ్యాయం చివర చూడు. యేసు యొర్దానులో మునిగి లేచాడు, ఆకాశం తెరుచుకుంది, ఈయన నా ప్రియ కుమారుడు అని స్వరం వచ్చింది. తర్వాతి మాట నాలుగో అధ్యాయం మొదటి వచనం. అరణ్యం. నలభై రోజులు తిండి లేదు. మార్కు అయితే ఊపిరి తీసుకునే ఖాళీ కూడా ఇవ్వలేదు, వెంటనే అని రాశాడు. అరణ్యంలో శోధకుడు, అంటే సైతాను, మొదట అన్న మాటేమిటో చూడు: నువ్వు దేవుని కుమారుడవైతే. అంటే నీళ్ళ దగ్గర విన్న మాట మీదే అనుమానం పెట్టాడు. ఆకలి ఉంది కదా, రాళ్ళు రాళ్ళలాగే ఉన్నాయి కదా, మరి నువ్వు నిజంగా కుమారుడివేనా అని. నువ్వు నాకు రాసిన ప్రశ్న కూడా సరిగ్గా అదే తల్లీ. డబ్బు లేదు, నాన్న మంచాన ఉన్నాడు, సంబంధం పోయింది, మరి నేను నిజంగా దేవుని బిడ్డనేనా అని. ఆ ప్రశ్న నీలో పుట్టింది కాబట్టి నువ్వు చెడిపోయావనుకోకు, నీళ్ళలోంచి లేచిన ప్రతివాళ్ళకీ అది ఎదురవుతుంది.

ఇశ్రాయేలీయులూ అంతే. ఎర్రసముద్రం దాటడాన్ని పౌలు బాప్తిస్మంతోనే పోల్చాడు. దాటి, పాటలు పాడి, తంబురలు వాయించి, మూడు రోజులు నడిస్తే దొరికింది మారా దగ్గర చేదు నీళ్ళు. మూడు రోజులకే. ఇంటింటా కిడ్నీ జబ్బు ఉన్న ఉద్దానంలో పుట్టినదానివి, నీళ్ళ మీద అనుమానంతో బతకడమంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు.

నా సంగతి చెబుతాను. 1990 జనవరిలో, గజపతినగరం దగ్గర చంపావతి నదిలో బాప్తిస్మం తీసుకున్నాను. ఆ నెలలో ఏట్లో నీళ్ళు తక్కువ, మొల లోతు కోసం ఇసకలో చాలా దూరం నడవాల్సి వచ్చింది. మంచు ఇంకా విడలేదు. తెల్ల పంచె కట్టుకుని వణుకుతూ నిలబడితే మా పాస్టరు అయ్యగారు ఎడమ చెయ్యి నా వీపు వెనక పెట్టి కుడి చేత్తో రుమాలు నా ముక్కు మీద పట్టారు, ఆ చేతికి లైఫ్‌బాయ్ సబ్బు వాసన. మునిగినప్పుడు ఏదో వెలుగు కనిపిస్తుందనుకున్నాను. చెవుల్లోకి నీళ్ళు పోయాయి, చలి, అంతే. లేచేసరికి ఒడ్డు మీద పాట సగంలో ఉంది. ఇంటికొచ్చి మా ఆవిడతో 'ఏమీ అనిపించలేదు' అన్నాను. ఆమె 'నాకూ అనిపించలేదు, ఆకలేస్తోంది' అంది.

నాలుగో నెలలో మిల్లు లాకౌట్. గేటుకి నోటీసు అతికించి తాళం వేశారు, రెండు నెలల జీతం లోపలే ఉండిపోయింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేశాం. ఏడో నెలలో మళ్ళీ తాగాను. సారా ప్యాకెట్ల రోజులవి, ఒకటి పళ్ళతో కొరికి పోసుకున్నాక రెండోది ఎలా అయిందో తెలీదు. ఆ తర్వాత ఐదు ఆదివారాలు చర్చికి వెళ్ళలేదు, అయ్యగారు వస్తుంటే పెరటి దారిన పారిపోయేవాణ్ణి. అప్పుడు ఒకరోజు మధ్యాహ్నం అయ్యగారి భార్య, మా అమ్మగారు, ఒక్కరే గిన్నెలో చోడి అంబలి పట్టుకొచ్చారు. వాసన వస్తూనే ఉంటుంది నా దగ్గర, ఆమె ఒక్క మాట కూడా అనలేదు, 'తిన్నావేటి బాబూ' అని అడిగి, నేను తాగేదాకా అరుగు మీద కూర్చుని, గిన్నె తీసుకుని వెళ్ళిపోయారు. వచ్చే ఆదివారం వెళ్ళాను. తాగుడు పూర్తిగా మానడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది. ఇది దాచకుండా ఎందుకు చెబుతున్నానంటే, కూటాల్లో సాక్ష్యాలు వింటే అందరూ ఒక్క రోజులో మానేసినట్టే చెబుతారు. అలా మానినవాళ్ళు నాకు తెలుసు, ఆ సాక్ష్యాలు నిజమే. నాలాగ పడుతూ లేస్తూ మానినవాళ్ళే ఎక్కువ, వాళ్ళకి మైకు ఇవ్వరు.

1991లో మా నాన్న పోయారు. పెద్దకర్మ రోజున పిండం దగ్గర కూర్చోమని అన్నయ్య పిలిచాడు. నేను కూర్చోలేనన్నాను. అది నా మనస్సాక్షి, దానికి ఈనాటికీ చింత లేదు. కానీ ఎలా అన్నాను? పాతిక మంది చుట్టాల మధ్య నిలబడి, మీరు చేసేది దయ్యాల పూజ అన్నాను. తండ్రి పోయి పదకొండో రోజు, గుండు చేయించుకుని ఏడుస్తున్న మనిషితో అన్న మాట అది. పక్కకి పిలిచి, అన్నయ్యా నేను ఇందులో కూర్చోలేను, వంటకీ, చుట్టాలకీ కావలసినదంతా నేను చూసుకుంటాను అని చెప్పి ఉంటే సరిపోయేది. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో ఈ కరుకుతనం చాలామందిలో చూశాను, అది రోషం అనుకుంటాం. ఆ రోజు నుంచి అన్నయ్య నాతో మాట్లాడలేదు.

1992లో మా రెండో పాప మెదడువాపు జ్వరంతో పోయింది. నాలుగేళ్ళు.

దీని గురించి ఎక్కువ రాయలేను. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఊళ్ళోవాళ్ళు, ఇలవేల్పుని వదిలేశాడు కాబట్టి పిల్ల పోయిందన్నారు. అదే వారంలో సంఘంలో ఒకాయన ఇంటికొచ్చి ప్రార్థన చేసి, 'తమ్ముడూ, మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, పరీక్షించుకోండి' అన్నాడు. రాత్రి మా ఆవిడ అడిగింది, ఈ ఇద్దరూ చెప్పింది ఒకటేగా అని. నిజమే, ఒకటే లెక్క. నువ్వు ఇంత ఇస్తే దేవుడు ఇంత ఇస్తాడు, నువ్వు తప్పితే ఆయన కొడతాడు. ఇప్పుడు 'మళ్ళీ బాప్తిస్మం తీసుకో, కష్టాలు పోతాయి' అంటున్న పాస్టరుగారిదీ అదే లెక్క. యోహాను 9లో శిష్యులు పుట్టుగుడ్డిని చూపించి ఎవరు పాపం చేశారు, వీడా, వీడి కన్నవాళ్ళా అని అడిగితే ప్రభువు వీడూ కాదు, వీడి కన్నవాళ్ళూ కాదు అన్నాడు. శిష్యుల నోట కూడా అదే లెక్క ఉంది, ఆయన కొట్టేశాడు.

మీ వైపు సంగతి నీకే తెలుసు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలం తీసుకున్నా కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. గుడికి వెళ్ళేవాళ్ళకీ వచ్చింది, చర్చికి వెళ్ళేవాళ్ళకీ వచ్చింది. నీళ్ళని, నేలని, ఎండలో చేసే చాకిరీని ఎంతమంది పరీక్షించినా కారణం ఇదేనని శాస్త్రవేత్తలు ఇంకా ఖాయంగా తేల్చలేదు. ఆ జబ్బు ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా లోపల తినేస్తుంది, బయటపడేసరికే చాలా భాగం పోయి ఉంటుంది. అంటే నువ్వు నీళ్ళలోకి దిగిన రోజుకే మీ నాన్నగారి కిడ్నీలు దెబ్బతిని ఉన్నాయని అనుకోవాలి. నీ బాప్తిస్మం ఆ జబ్బుని తేలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం చేసినప్పుడు ఎవరి తోటని వదిలిందో చెప్పు. ప్రభువు కూడా, లోకంలో మీకు శ్రమ కలుగుతుందనే చెప్పాడు. ధైర్యం తెచ్చుకోండి, నేను లోకాన్ని జయించానన్నాడు. ఈ రెండో సగం లేకుండా మొదటిది మోయలేం, మొదటిది దాచేసి రెండోది ఒక్కటే చెబితే నీలాంటి పిల్లలు మోసపోతారు.

మరి బాప్తిస్మం దేనికి? రోమా 6లో పౌలు వాడిన మాట పాతిపెట్టబడడం. సమాధి అది. నేను, నా లెక్కలు, నా పరువు, నాకు రావాల్సింది అనే మనిషిని పాతిపెట్టి, ఇక నేను క్రీస్తువాణ్ణి అని పదిమంది ముందు నిలబడడం. తర్వాత పౌలు ఏమన్నాడు? నూతన జీవంతో నడుచుకునేటట్లు అన్నాడు. నడక అన్నాడు చూశావా. పాతిపెట్టడం ఒక్కరోజు పని, నడక రోజూ ఉంటుంది.

నేను నడిచానని నాకు మొదటిసారి తెలిసింది 1997లో, పొలంలో. భూములు పంచుకున్నాక నా మడీ అన్నయ్య మడీ పక్కపక్కనే. బాప్తిస్మానికి ముందు, ఏటా దుక్కి రోజుల్లో నేను గట్టు చెక్కేవాణ్ణి. కొద్దికొద్దిగా, ఎవరికీ అనుమానం రాకుండా. నాలుగైదేళ్ళలో రెండడుగులు వచ్చింది నా వైపు. బాప్తిస్మం తరగతిలో పాపాలు ఒప్పుకోమంటే తాగుడు ఒప్పుకున్నాను, భార్యని కొట్టడం ఒప్పుకున్నాను, ఈ గట్టు సంగతి గుర్తుకే రాలేదు. ఏడేళ్ళ తర్వాత ఒక ఆదివారం లూకా 19లో జక్కయ్య, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగింతలు ఇస్తానంటాడే, అది చదువుతుంటే గట్టు కళ్ళముందు నిలబడింది. వారం రోజులు వాయిదా వేశాను. తర్వాత పార పట్టుకెళ్ళి తవ్వడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి అన్నయ్య వచ్చి అవతలి గట్టు మీద నిలబడ్డాడు. ఆరేళ్ళుగా మాటల్లేవు. నేను ఆపలేదు, రెండడుగులు లెక్కపెట్టి మట్టి తిరగేసి, పచ్చిమట్టితో కొత్త గట్టు వేశాను. అప్పుడు అన్నాడు, 'ఇంకా అరడుగుందిరా.'

పాత నేనైతే ఆ పారతోనే సమాధానం చెప్పేవాణ్ణి. నా లెక్క ప్రకారం లేదు ఆ అరడుగు. కానీ ఉన్నా ఉండొచ్చు, చెక్కిన నాకే సరిగ్గా గుర్తులేదు. వేసిన గట్టు మళ్ళీ తీసి అరడుగు జరిపాను. ఆ పని చేస్తుండగా నాకే ఆశ్చర్యమేసింది, కోపం రాలేదేమిటని. ఎప్పుడు పోయిందో తెలీదు. నది దగ్గర పోలేదు, కూటాల్లో పోలేదు. లాకౌట్, అప్పులు, అంబలి గిన్నె, పాప, ఆ ఏడేళ్ళలో ఎక్కడో పోయింది. ఆ కష్టాల్ని దేవుడే పంపాడని నేను అనను, పాప విషయంలో ఎవరైనా అలా అంటే ఇప్పటికీ నేను లేచి వెళ్ళిపోతాను. వాటి మధ్యలో ఆయన నన్ను వదల్లేదని మాత్రం చెప్పగలను.

కాబట్టి మారానా అని ఏడాదిన్నరకి నీకు నువ్వే మార్కులు వేసుకోకు. గ్లాసు విసిరాక రాత్రంతా నిద్రపట్టలేదని రాశావు. అంతకుముందు విసిరినప్పుడు నిద్ర పట్టేదా? నిజాయితీగా ఆలోచించు. నాకైతే ఆ నిద్రపట్టకపోవడంలోనే ఏదో మొదలైనట్టు కనిపిస్తోంది.

మన ప్రాంతం మనిషి గురించి ఒకటి చెప్పాలి. మనం పాడుకునే క్రైస్తవ కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరిగారు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలంలో అలాంటివాడికి కులం, బంధువులు, ఇల్లు అన్నీ ఒక్కసారిగా దూరమవుతాయి. ఆయన 1890 దాకా బతికారు. అంటే నీళ్ళలోంచి లేచాక యాభై ఏడేళ్ళు నడిచారు. ఆ కీర్తనలు పాడుతున్నప్పుడు ఇది గుర్తుపెట్టుకో, అవి సుఖంలో ఉన్నవాడు రాసినవి కావు.

బాప్తిస్మం సర్టిఫికెట్ బట్టల అడుగున దాచాను, ఎవరికైనా తెలిస్తే ఏమవుతుందో అని భయమన్నావు. బాప్తిస్మంతో కుల రిజర్వేషను ఏమవుతుందో నేను తరగతిలో మొదటి నెలలోనే చెబుతాను, చెప్పకుండా ముంచడం తప్పని నా అభిప్రాయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి, 1956 నుంచి సిక్కులకి, 1990 నుంచి బౌద్ధులకి మాత్రమే ఉంది. ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళని మన రాష్ట్రంలో బీసీ-సీ కింద లెక్కేస్తారు, ఒక్క శాతం రిజర్వేషను. ఎస్టీలకి మతం షరతు లేదు. మతం మారినంత మాత్రాన అంటరానితనం ఎవర్నీ వదిలిపోలేదు కాబట్టి ఈ నియమం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, కానీ నమ్మినంత మాత్రాన కాగితం మీద అబద్ధం రాయమని చెప్పలేను. ఎమ్మార్వో ఆఫీసు పని తెలిసినవాళ్ళనో, లాయరునో అడిగి నీ విషయంలో ఏది వర్తిస్తుందో తెలుసుకో. భయపడుతూ దాచుకోవడం కంటే తెలుసుకుని నిర్ణయించుకోవడం నయం.

సంబంధం పోయినదాని గురించి ఓదార్పు మాటలేవీ చెప్పను. బాధగానే ఉంటుంది. పెళ్ళయ్యాక తెలిసి రోజూ సాధించేకంటే ముందే తెలియడం మంచిదని మా ఆవిడ చెప్పమంది.

ఇక నాన్నగారి సంగతి, నాకు ముఖ్యంగా రాయాలనిపించింది ఇదే. ఎవరైనా నూనె రాసి ప్రార్థన చేసి, విశ్వాసముంటే డయాలసిస్ మానెయ్యమంటే ఆ మనిషిని మళ్ళీ గడప తొక్కనివ్వకు. ప్రార్థన చెయ్యనీ, నూనె రాయనీ, వారానికి మూడు రోజుల డయాలసిస్ మాత్రం ఒక్కటి కూడా తప్పకూడదు. ఆరోగ్యశ్రీ కింద (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు) అది ఉచితం, డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి నెలకు 10,000 రూపాయల పింఛను కూడా ఉంది, ఇంకా రాకపోతే సచివాలయంలో అడుగు. మీ సంఘంవాళ్ళు చూడ్డానికి వచ్చేటప్పుడు ప్రేమగా కొబ్బరిబొండాలు తెస్తారు, ఉద్దానంలో మరి ఇంకేం తెస్తారు, కానీ ఆ నీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ రోగి గుండెకి అది ప్రమాదం. మొహమాటపడకుండా వద్దని చెప్పు. ఫిస్టులా వేసిన చెయ్యి, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చెయ్యి, పట్టుకుని నొక్కుతూ ప్రార్థన చేస్తారు, రెండో చెయ్యి పట్టుకోమను. ఆ చేతికి బీపీ చూడనివ్వకు, సూది గుచ్చనివ్వకు.

నీళ్ళ విషయం. ఆయన మొండికేసి అడగడం లేదు తల్లీ. ఆ జబ్బులో దాహం ఆగదు, ఒక పక్క నాలుక పిడచకట్టుకుపోతుంటే ఇంకో పక్క తాగిన నీళ్ళు బయటికి పోక ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. అందుకే నువ్వు వద్దంటావు, ఆయన అడుగుతాడు. నువ్వు గ్లాసు విసిరింది ఆయన మీద ద్వేషంతో అని నాకనిపించడం లేదు, ఆయాసం వచ్చిన రాత్రి ఒకటి చూసి ఉంటావు, ఆ భయం. రోజుకి ఎంత తాగొచ్చో డాక్టరుని అడిగి అంత నీళ్ళు పొద్దున్నే ఒక సీసాలో పోసి ఆయన చేతికే ఇవ్వు. అది ఆయన సీసా, ఎప్పుడు తాగాలో ఆయనిష్టం. చిన్న కప్పుతో తాగమను. మరీ దాహమైతే ఆ లెక్కలోంచే కొంచెం నీళ్ళు ఐసు గడ్డ కట్టించి చప్పరించమను. ఎండుచేప, ఆవకాయ, ఉప్పు తగ్గిస్తే దాహం కూడా కొంత తగ్గుతుంది, ఎండుచేప మానడం మన వైపు ఎంత కష్టమో నాకు తెలుసు.

మీ సంఘంలో ఇద్దరు ముగ్గుర్ని అడిగి డయాలసిస్ రోజులు పంచుకో. మూడు రోజులూ నువ్వే వెళ్ళి నాలుగేసి గంటలు ఆ కుర్చీలో కూర్చుంటున్నట్టున్నావు, అలా అయితే ఎవరికైనా కోపం వస్తుంది. అడగడానికి సిగ్గుపడకు. ఆ రోజు అంబలి తెచ్చిన అమ్మగారు అడక్కుండానే వచ్చారు, అందరూ అలా రారు, కొంతమందిని పిలవాలి. తర్వాత మీ పాస్టరుగారితో కూర్చుని మత్తయి మొదటినుంచీ చదవడం మొదలుపెట్టు, వారానికి ఒక అధ్యాయం చాలు.

ఇవన్నీ రేపటి నుంచి. ఈ రాత్రికి ఒకే పని. ఆ గ్లాసు ఇంట్లోనే ఉండి ఉంటుంది, అంచు సొట్టపోయి ఉంటుంది. నాన్నగారి పక్కన కూర్చుని, ఏడవకుండా, సంజాయిషీ చెప్పకుండా, బైబిలు మాటలేవీ మధ్యలోకి తేకుండా, 'నాన్నా, తప్పయిపోయింది' అని చెప్పు. ఆయన ఏమీ అనకపోవచ్చు. మా అన్నయ్యలాగ ఇంకా అరడుగుందని అన్నా అనొచ్చు. విను. తర్వాత సీసా కడిగి, రేపటి కొలతకి ఆయన మంచం పక్కన పెట్టి పడుకో.